నిజం చేరని గడపకు అబద్ధం ముందు చేరుతుంది
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి రికవరీ ఎంత అనే లెక్కలు ఇంతకుముందే చదివారు. మాకు ఇచ్చిన అంశం వేరే. ఎన్నికలప్పుడు ఫోన్లలో, నోటిమాటగా వచ్చే అబద్ధాలను మనవాళ్ళు ఎందుకు నమ్ముతున్నారు, మనం ఏం చేయాలి అనేది. ముందుగా ఒక మాట. ఈ సమాఖ్యలో అన్ని పార్టీల ఇండ్ల ఆడవాళ్ళం ఉన్నాం. ఒక పార్టీని మెచ్చుకోవడానికో ఇంకొక పార్టీని తిట్టడానికో మేము నిలబడలేదు. అందుకే ఏ పార్టీ పేరూ చెప్పడం లేదు.

మనవాళ్ళు ఎందుకు నమ్ముతున్నారు అని ఎవరినడిగినా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, చదువు లేదు. రెండు, ఊరికే వచ్చే పైసల మీద ఆశ. ఈ రెండు మాటలూ మేము ఒప్పుకోవడం లేదు. డిగ్రీలు చదివి ఉద్యోగాలు చేసినవాళ్ళు కూడా పొద్దున లేవగానే ఇటువంటి మెసేజ్‌లు పది మందికి పంపుతున్నారు. ఆశ అంటారా, అది లేని మనిషి ఎవరు? కారణం వేరే ఉంది. మనిషిని పక్కన పెట్టినప్పుడు, ఆ మనిషికి ఏ సంగతీ ఎవరూ చెప్పనప్పుడు, ముందు వచ్చి చెప్పినవాడి మాటే నిజమైపోతుంది.

పోస్టాఫీసు ముందు నిలబడ్డ ఆడవాళ్ళు

2024 మే నెలాఖరులో బెంగళూరు పెద్ద పోస్టాఫీసు ముందు వేల మంది ఆడవాళ్ళు లైన్ కట్టారు. పోస్టల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతా తెరిస్తే నెలకు 8,500 రూపాయలు పడతాయని ఎవరో చెప్పారు. రద్దీ చూసి పోస్టాఫీసు వాళ్ళు కౌంటర్లు పెంచారు. అటువంటి డబ్బులు ఏమీ లేవని చెప్పినా చాలామంది వెనక్కి పోలేదు. అప్పటికి ఓట్ల లెక్కింపు కూడా కాలేదు. గెలిస్తే పేద ఇంటి ఆడవాళ్ళకు ఏడాదికి లక్ష రూపాయలు ఇస్తామని ఒక పార్టీ చెప్పిన మాట వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "ఖాతా తెరిస్తే పడతాయి" అని మారిపోయింది.

ఇటువంటిదే 2019 జులైలో కేరళలోని మున్నార్‌లో జరిగింది. ప్రభుత్వం తలా 15 లక్షలు వేస్తుందట, పోస్టాఫీసు ఖాతా ఉండాలట అని విని తేయాకు తోటల కూలీలు పని మానుకొని క్యూ కట్టారు. విదేశాల్లోని నల్లధనం తెస్తే తలా 15 లక్షలు అవుతాయని 2014 ఎన్నికల ముందు వచ్చిన మాట ఐదేండ్లు తిరిగి తిరిగి అక్కడికి చేరింది. అంటే ఈ అబద్ధాలు ఒక్క పార్టీ పేరు మీదే నడవవు. ఈ రెండింటిలో పార్టీలు వేరు, రాష్ట్రాలు వేరు, నిలబడ్డ మనుషులు మాత్రం ఒక్కలాంటివాళ్ళే.

ఈ వార్తలు చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. మేము మాత్రం నవ్వలేకపోయాం. ఆ లైన్‌లో నిలబడ్డ ఆడమనిషి లెక్క ఏమిటో మనకు తెలుసు. పింఛన్ ఖాతాలోనే పడుతుంది, గ్యాస్ సబ్సిడీ ఖాతాలోనే పడుతుంది, ఉపాధి హామీ కూలి ఖాతాలోనే పడుతుంది. ఖాతాకు ఆధార్ లింకు కాక పైసలు ఆగిపోయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. "ఖాతా సరిగ్గా లేకుంటే నీకు రావు" అన్నది మనకు అనుభవంలో నిజం. ఆ నిజం పక్కన పెట్టి చూస్తే ఆ అబద్ధంలో తప్పు కనిపించదు. పోతే ఒక రోజు కూలి, నిలబడకపోతే ఏం పోతుందో తెలియదు. అందుకే నిలబడ్డారు. అప్పటిదాకా ఏ ఆఫీసూ వాళ్ళను కూర్చోబెట్టి ఏ పథకం సంగతీ వివరంగా చెప్పి ఉండదు. అడుగుదామంటే అడిగే చోటు లేదు.

ఓటు చుట్టూ తిరిగే అబద్ధాలు

మన ఊళ్ళల్లో ఎక్కువగా వినిపించేది ఇది: "నువ్వు ఎవరికి ఓటేసినవో మాకు తెలుస్తది. మాకు ఎయ్యకుంటే పింఛన్ పోతది." చిన్న మాటే గాని దీని వల్ల ఓటే చేతులు మారిపోతుంది.

ఈ మాటలో కూడా కొంత నిజం కలిసి ఉంటుంది. లెక్కింపు తర్వాత ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో బయటికి వస్తుంది. అది చూసి "మీ వాడ ఓట్లు మాకు పడలేదు" అంటారు. కానీ మనిషి వారీగా ఎవరికీ తెలియదు. బటన్ నొక్కగానే పక్క మిషన్‌లో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది, తర్వాత తెగి పెట్టెలో పడిపోతుంది. దాని మీద గుర్తు, అభ్యర్థి పేరు ఉంటాయి గాని మన పేరు ఉండదు. ఓటు రహస్యం కాపాడడం అక్కడి అధికారులకు, ఏజెంట్లకు చట్టం పెట్టిన బాధ్యత, తప్పితే శిక్ష ఉంది.

ఇంత వివరం తెలిసినా మా ఊరి ఒక అవ్వ మా మాట నమ్మలేదు. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన సంగతి ఇది. ఒకసారి ఆమెకు మూడు నెలలు పింఛన్ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. తిరిగి తిరిగి కాళ్ళు అరిగినాయి. ఏ ఆఫీసుకు పోయినా "పైనుంచి రాలేదు" అన్నారే గాని కుర్చీ చూపించినవాళ్ళు లేరు. చివరికి ఒక పార్టీ మనిషి అరుగు మీద కూర్చోబెట్టి "మాకు ఎయ్యలేదు గదా, అందుకే లిస్టులో తీసేసిండ్రు" అన్నాడు. అసలు కారణం వేలిముద్ర పడకపోవడం. రెండు కారణాల్లో ఆమెకు చేరింది ఒక్కటే. ఆమె దాన్నే పట్టుకుంది. పొలం గట్ల మీద, బీడీల మీద అరిగిన వేళ్ళు మిషన్‌కు కనిపించవని ఆమెకు ఎవరు చెప్పారు? ఆమెది తెలివితక్కువ అంటే మేము ఒప్పుకోం.

రెండోది, 2019 పార్లమెంటు ఎన్నికలప్పుడు దేశమంతా తిరిగిన మెసేజ్. ఓటరు లిస్టులో పేరు లేకున్నా ఆధార్ చూపించి "చాలెంజ్ ఓటు" అడగండి, వేయనిస్తారు అని. ఒక పోలింగ్ కేంద్రంలో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే మళ్ళీ పోలింగ్ పెడతారు అని కూడా. ఈ రెండూ అబద్ధాలే. లిస్టులో పేరు లేకుంటే ఏ కార్డు ఉన్నా ఓటు లేదు. చాలెంజ్ ఓటు అనే మాట ఉంది గాని, దాని అర్థం వేరు. వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని ఏజెంట్ అభ్యంతరం చెబితే దాన్ని తేల్చే పద్ధతి అది. టెండర్ ఓటు మాత్రం నిజంగా ఉంది. మన పేరు మీద ఇంకెవరో ముందే ఓటు వేసిపోతే, ప్రిసైడింగ్ అధికారిని అడిగి కాగితం బ్యాలెట్ మీద మనం ఓటు వేయవచ్చు. దాన్ని విడిగా కవర్‌లో పెడతారు. 14 శాతం లెక్క ఎక్కడా లేదు.

ఈ మెసేజ్ ఎవరిని మోసం చేసింది? లిస్టులో పేరు ఉందో లేదో ముందే చూసుకునే వీలున్నవాళ్ళను కాదు. వలస పోయి పండుగకు వచ్చినవాళ్ళను, పెండ్లయి ఊరు మారిన పిల్లలను, కిరాయి ఇండ్లల్లో ఉండేవాళ్ళను, ఇంటింటి సర్వేకు వచ్చిన రోజు తాళం వేసి కూలికి పోయినవాళ్ళను. పేరు పోయిన సంగతి వాళ్ళకు పోలింగ్ నాడే తెలుస్తుంది. పేరు చేర్చుకునే గడువు అప్పటికి అయిపోతుంది. పేరు చేర్చడానికి ఫారం 6, తప్పులు దిద్దడానికి, ఇల్లు మారడానికి ఫారం 8 ఉన్నాయి. ఆ ముచ్చట వాళ్ళ దాకా రాలేదు, మెసేజ్ మాత్రం వచ్చింది.

వెలికీ నమ్మకానికీ ఉన్న సంబంధం

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు ఈ సంగతి మీద పరీక్ష చేసి 2017లో ప్రచురించారు. కొందరు విద్యార్థుల చేత తమ గురించి నాలుగు మాటలు రాయించారు. తర్వాత కొందరికి "నిన్ను మిగతావాళ్ళు తమతో కలిసి పనిచేయడానికి ఎంచుకున్నారు" అని, ఇంకొందరికి "నిన్ను ఎవరూ ఎంచుకోలేదు" అని చెప్పారు. ఎవరూ ఎంచుకోలేదని విన్నవాళ్ళు సంబంధం లేని రెండు విషయాల మధ్య సంబంధం ఉందని ఎక్కువగా నమ్మారు. మనసుకు వెలి పడ్డట్టు అనిపించినవాళ్ళు "దీని వెనక ఎవరో ఉన్నారు" అనే కథల వైపు ఎక్కువ మొగ్గుతారని కూడా తేలింది. చదువుకున్న పిల్లలు, ఒక్క చిన్న మాటకే అట్లా అయితే, పుట్టిన దగ్గరనుంచి ఊరి చివర ఉండేవాళ్ళ సంగతి ఆలోచించండి.

మన దేశంలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ పోలియో చుక్కలది. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో, బీహార్‌లో పేద బస్తీల్లో, ముఖ్యంగా ముస్లిం బస్తీల్లో, చుక్కలు వేస్తే పిల్లలకు ముందు ముందు సంతానం కలగదని, మన జనాన్ని తగ్గించడానికి ప్రభుత్వం చేస్తున్న కుట్ర అని ప్రచారం నడిచింది. తల్లులు తలుపులు వేసుకున్నారు. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వస్తే అందులో ఎక్కువ భాగం ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే వచ్చాయి.

ఎందుకు నమ్మారు? ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఎంతోమందిని బలవంతంగా లాక్కుపోయారు. ఆ భయం ఇండ్లల్లో మిగిలిపోయింది. ఇంకొకటి, ఆ బస్తీల్లో మురికి కాలువ లేదు, మంచి నీళ్ళు లేవు, జ్వరం వస్తే డాక్టర్ లేడు. ఎన్నడూ రాని సర్కారు రెండు చుక్కల కోసం మాత్రం ఇంటింటికీ మళ్ళీ మళ్ళీ వస్తుంటే అనుమానం రాదా? కొన్ని ఊళ్ళవాళ్ళు మాకు ముందు రోడ్డు, కరెంటు ఇయ్యండి, తర్వాత చుక్కలు అని తిప్పి పంపారు.

పోలీసులను పంపితే ఆ నమ్మకం పోలేదు. అదే బస్తీ ఆడవాళ్ళను పనిలోకి తీసుకున్నారు. వాళ్ళు ఇంటింటికీ పోయి, కూర్చొని, భయం ఏమిటో విన్నారు. మసీదు పెద్దలు చెప్పారు. చుక్కలతో పాటు మిగతా టీకాలు, విరేచనాలకు మందు, చేతుల శుభ్రత గురించి కూడా చెప్పారు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. గడప దాకా పోయి విన్న మనిషి ఉన్నప్పుడే అబద్ధం వెనక్కి తగ్గింది.

అబద్ధం దెబ్బ కూడా వాళ్ళకే

ఇంకొక సంగతి మరచిపోవద్దు. పక్కన పెట్టబడినవాళ్ళు అబద్ధాన్ని నమ్మడమే కాదు, అబద్ధం తిరగబడితే ముందు దెబ్బ తినేది కూడా వాళ్ళే. 2018 మే నెలలో "పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగినయ్" అని మన రాష్ట్రంలో వీడియోలు తిరిగాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షకు వచ్చిన సంచార జాతివాళ్ళు ఐదుగురిని చంపారు. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. ఊళ్ళో వాళ్ళను ఎరిగినవాళ్ళు, వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. అంతే.

అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి గారు చేసిన పని మనం నేర్చుకోవాల్సింది. పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, వచ్చిన వీడియో ముందు మాకు చూపించండి అని చెప్పారు. ఏదైనా అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో ఊరివాళ్ళకు తెలిసింది. భయం వచ్చినప్పుడు అడగడానికి ఒక మనిషి ఉంటే చెయ్యి లేవదు.

మనం చేయగలిగింది

పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. తర్వాత దశసూత్రాలు వచ్చినప్పుడు పంచాయతీలో పాల్గొనడం, హక్కులు అందుకోవడం కూడా కలిపారు. కాబట్టి ఇది మన పని కాదు అనడానికి లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళు రాత్రి బడిలో పాఠం చదువుతూనే తమ ఇంటి కష్టం అందరి కష్టమని తెలుసుకున్నారు. కలిసి కూర్చుంటేనే అది తెలిసింది. మనకు కూర్చునే చోటు ముందే ఉంది. అందుకని మా గ్రామ సంఘం తరఫున నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి. పొదుపు లెక్క అయ్యాక ఒక పావుగంట "విన్న మాట" కోసం పెట్టుకుందాం. ఈ వారం ఎవరు ఏం విన్నారో చెప్పాలి. దాన్ని మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఎవరు పోయి కనుక్కుంటారో పేరు రాయాలి. మళ్ళీ సమావేశానికి జవాబు తేవాలి. జవాబు దొరకకుంటే "ఇంకా తెలియలేదు" అని రాయాలి. మనమే ఊహించి చెబితే ఇంకొక పుకారు పుట్టించినట్టే అవుతుంది.

రెండు. నమ్మినవాళ్ళను చూసి నవ్వవద్దు. "అంత కూడా తెల్వదా" అన్న మాటతో ఆ మనిషి మళ్ళీ మన ముందు నోరు తెరవదు. చెప్పుకునే చోటు ఇంకొకటి వెతుక్కుంటుంది. ముందు "ఎవరు చెప్పిండ్రు, నీకు ఏం భయం" అని అడగాలి. ఆమె మాటలో ఎంత నిజం ఉందో ఒప్పుకొని, అప్పుడు మిగతాది చెప్పాలి.

మూడు. ఊళ్ళో ఏ సంఘంలోనూ లేని ఇండ్లు ఉంటాయి. ఒంటరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, వికలాంగులు, తండా చివర ఉండేవాళ్ళు, పని కోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చి షెడ్లల్లో ఉండేవాళ్ళు. ప్రతి గ్రామ సంఘం ఆ ఇండ్ల లిస్టు రాసుకోవాలి. పదేసి ఇండ్లకు ఇద్దరిని పెట్టుకోవాలి. ఏ కొత్త సంగతి వచ్చినా ముందు ఆ ఇండ్లకు చెప్పాలి. ఓటరు లిస్టు వచ్చినప్పుడు ముందు చూడవలసినవి వాళ్ళ పేర్లే. మన బీఎల్వో ఎవరో అందరికీ తెలియాలి. 1950 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

నాలుగు. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. "వెంటనే పది మందికి పంపండి" అని ఉన్నా, పైసల మాట ఉన్నా, ఏ తేదీ, ఏ ఆఫీసు పేరు లేకున్నా ఆగాలి. మన పిల్లలను కూడా ఆపాలి. సమాఖ్య వాట్సాప్ గ్రూపులో వేసేముందు వీవోఏకు చూపించాలి.

వేదిక మీద ఉన్న అధికారులకు కూడా ఒక విన్నపం. పింఛన్ ఆగితే, కార్డు నుంచి పేరు తీస్తే, ఎందుకో కారణం తెలుగులో రాసి పంచాయతీ దగ్గర పెట్టండి. చదవలేనివాళ్ళ కోసం గ్రామసభలో చదివించండి. ఆ గ్రామసభ పగలు పది గంటలకు కాకుండా కూలివాళ్ళు ఇంటికి వచ్చాక పెట్టండి. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం రాసి అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. అడగడం మాకు వచ్చు. కానీ అడగకముందే చెబితే ఎవడో వచ్చి అరుగు మీద కూర్చొని అబద్ధం చెప్పే అవసరమే ఉండదు.

అబద్ధం ఖరీదు ఒకచోట రోజు కూలి, ఇంకొకచోట ఓటు, మరొకచోట ఒక ప్రాణం. అప్పు తీసుకున్న ప్రతి రూపాయికి మనం లెక్క రాస్తాం. ఊళ్ళోకి వచ్చే మాటకు కూడా అట్లాగే లెక్క రాద్దాం. "విన్న మాట" పేజీని వచ్చే నెల నుంచి అన్ని గ్రామ సంఘాల్లో మొదలుపెట్టాలని ఈ మహాసభ తీర్మానం చేయాలని కోరుతున్నాం. సంఘంలో లేని ఇండ్ల లిస్టు ఎంతవరకు వచ్చిందో వచ్చే ఏడాది నివేదికలో పొదుపు లెక్కల పక్కనే చదవాలని కూడా కోరుతున్నాం.